బెల్తరా ముసలమ్మ గోడ

ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు కొన్ని గట్టి నమ్మకాలు ఉండేవి. జ్వరం ఎక్కడైనా జ్వరమే, సూది ఎక్కడైనా సూదే, కాబట్టి చేతిలో నర్సింగ్ సర్టిఫికెట్ ఉన్న మనిషికి దేశంలో ఏ మూలకి వెళ్లినా పని దొరుకుతుంది అన్నది వాటన్నిటిలోకీ గట్టిది. ఇది నాకెవరూ చెప్పలేదు. విజయనగరం దగ్గర పల్లెలో పుట్టి, మూడున్నరేళ్లు నర్సింగ్ చదువుకుని, విశాఖపట్నంలో మగవాళ్ల సర్జికల్ వార్డులో రెండేళ్లు పనిచేసిన అనుభవంతో నాకు నేనే తేల్చుకున్నాను. రోగికి నొప్పి పుడితే మొహం ముడుచుకుంటుంది, తగ్గితే విప్పారుతుంది, మధ్యలో భాషతో ఏం పని అనుకునేదాన్ని. (మా వార్డులో రోగులందరూ తెలుగువాళ్లే కాబట్టి అంత ధైర్యంగా అనుకోగలిగానన్న సంగతి అప్పట్లో తట్టలేదు.) అందుకే బిలాస్‌పూర్ సంబంధం వచ్చినప్పుడు ఇంట్లో అందరూ అంత దూరమా అని వెనకాడుతుంటే, నేను మాత్రం ఆ ఊళ్లో ఆసుపత్రులు ఎన్ని ఉన్నాయో కనుక్కోమని మా నాన్నని అడిగాను. చాలానే ఉన్నాయని తెలిసింది. సరే అన్నాను.

వాళ్లది తాతగారి కాలంలోనే మా వైపు నుంచి రైల్వే పనికి వెళ్లి అక్కడే స్థిరపడిపోయిన కుటుంబం. మా ఆయన ఇంజన్ల షెడ్‌లో ఫిట్టరు. పెళ్లిచూపుల్లో ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, "పెళ్లయ్యాక డ్యూటీ చేస్తావా, ఛోడేస్తావా?" అని. రెండో ముక్క, అంటే మానేస్తావా అన్నది, అర్థం కాకపోయినా మొదటిదానికి తల ఊపాను. విశాఖపట్నంలో మా మేట్రన్‌గారికి మాత్రం నా నమ్మకం మీద అంత నమ్మకం లేదు. నా రాజీనామా కాగితం మడిచి సొరుగులో పడేసి, దసరా వరకూ నా చోటు ఎవరికీ ఇవ్వననీ, అక్కడ కుదిరితే ఫోన్ చెయ్యమనీ, కుదరకపోతే బండెక్కి వచ్చెయ్యమనీ చెప్పారు. మార్చిలో పెళ్లి. మార్చి నుంచి చూస్తే దసరా ఎక్కడో ఉంటుంది. కుదరకపోవడమంటే నేను అక్కడ హాస్టల్లో, ఆయన ఇక్కడ క్వార్టర్‌లో కాపురం చేయడమని అప్పుడు ఆలోచించనే లేదు. పని మానేసి ఇంట్లో కూర్చునే దారి కూడా ఒకటి ఉంది గాని, దాని పేరెత్తితే నాకు ఊపిరి ఆడేది కాదు. రెండు నెలలు సూది పట్టకపోతేనే వేళ్లు మొద్దుబారిపోతాయేమోనని, వంటింట్లో కూర్చుని బెండకాయల మీద నరాలు వెతికిన మనిషిని నేను.

మా అత్తగారు బిలాస్‌పూర్‌లోనే పుట్టి, రైల్వే స్కూల్లో హిందీ చదువుకున్నారు. తెలుగు అక్షరం ఒక్కటీ రాకపోయినా మాట మాత్రం అచ్చం మా అమ్మమ్మ మాట్లాడినట్టే ఉండేది. మధ్యమధ్య "అచ్ఛా" అనకపోతే మా పల్లెలోనే ఉన్నాననుకునేదాన్ని. నా ఉద్యోగం గురించి ఆవిడకి బెంగ లేదు. రైల్వే ఆసుపత్రి ఉండగా బెంగెందుకని ఆవిడ ఉద్దేశం. "మీ మావ ముప్పై ఏళ్లు గార్డుగా సేసినారు. ఎల్లి ఆ మాట సెప్తే నీకో కుర్చీ ఎయ్యరేటి?" అనేవారు. అది పరీక్ష రాసి సంపాదించుకోవలసిన ఉద్యోగమని, ఆ పరీక్ష ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదని మా ఆయన ఎంత చెప్పినా ఆవిడకి ఎక్కలేదు. కిక్కిరిసిన పెట్టెలో కొంచెం జరగమ్మా అని అడిగి కూర్చోవడం లాంటిదే ఇదీ అనుకునేవారు.

ప్రైవేటు ఆసుపత్రిలో చేరాలన్నా ముందు ఈ రాష్ట్రంలో నర్సుగా పేరు నమోదు చేయించుకోవాలి. అందుకు పాత రాష్ట్రం వాళ్లు అభ్యంతరం లేదని ఒక కాగితం ఇస్తే, దాన్ని చూసి కొత్త రాష్ట్రం వాళ్లు ఇంకో కాగితం ఇస్తారు. ఇందులో జరిగిన ఆలస్యానికి నేను ఎవరినీ తప్పుపట్టలేను, ఎందుకంటే ఫారం నింపింది నేనే. కంప్యూటర్లో మొదటి పేరు అని ఒక గడి, చివరి పేరు అని ఒక గడి ఉన్నాయి. మన వైపు మొదట వచ్చేది ఇంటిపేరే కదా అని మొదటి గడిలో మా పుట్టింటి ఇంటిపేరు రాసి, చివరి గడిలో నా పేరు రాశాను. మా ఇంటిపేరు గేదెల. ఆ విధంగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో నేను గేదెల అనే యువతిగా పుట్టాను. సర్టిఫికెట్‌లో పేరు ఒక వరసలో, ఆధార్‌లో ఇంకో వరసలో, ఫారంలో మూడో వరసలో ఉండటంతో వాటిని కలపడానికి రాయ్‌పూర్‌కి రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది. కిటికీ వెనకున్న గుమాస్తా చాలా మర్యాదస్తుడు. "గెడేలా జీ, ఆయియే" అని పిలిచాడు. మా ఆయన నవ్వు ఆపుకోలేక మంచినీళ్ల వంకతో వరండాలోకి వెళ్లిపోయారు. చాలా ముద్దుగా ఉంది పేరు, అర్థమేమిటి అని ఆ గుమాస్తా హిందీలో అడిగాడు. లక్ష్మీదేవి పేరని చెప్పాను.

కాగితం వచ్చేలోగా ఊరికే కూర్చోవడం ఎందుకని ఆసుపత్రుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. హిందీ మా ఆయనే నేర్పేవారు. పొద్దున్న షెడ్‌కి బయలుదేరే ముందు బూట్లు తొడుక్కుంటూ పది మాటలు చెప్పేవారు, నేను తెలుగులో రాసుకునేదాన్ని. అది చాలక నేనొక సూత్రం కూడా కనిపెట్టాను. తెలుగు మాటకి చివర సున్నా కొట్టేస్తే హిందీ మాట వస్తుంది. పుస్తకం పుస్తక్, దేశం దేశ్, నగరం నగర్. ఈ సూత్రం చేతబట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, సర్టిఫికెట్ల ఫైలుతో ఊళ్లో ఒక పెద్ద ఆసుపత్రి గేటు దగ్గరకి వెళ్లి, అక్కడున్న సెక్యూరిటీ ఆయనతో "మై ఉద్యోగ్ కే లియే ఆయీ హూఁ" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, లేచి నిలబడి, ఎంతో గౌరవంగా ఒక ఆటోని ఆపి, నన్ను ఎక్కించి, డ్రైవరుకి దారి కూడా తనే చెప్పాడు. పెద్ద ఆసుపత్రి కదా, ఇంటర్వ్యూలు వేరే భవనంలో చేస్తారేమో అనుకున్నాను. ఆటో ఊరు దాటింది. హిందీలో ఉద్యోగ్ అంటే పరిశ్రమ అని, పరిశ్రమ పెట్టడానికి వచ్చిన మేడమ్ దారి తప్పిందని ఆయన అనుకున్నాడని నాకు తెలిసేసరికి, నేను సిర్‌గిట్టీ వైపు ఫ్యాక్టరీల మధ్య, ఒక బియ్యం మిల్లు ముందు నిలబడి ఉన్నాను.

మిల్లులో మేస్త్రీ ఒకాయన వచ్చి ఏం కావాలని అడిగాడు. ఆసుపత్రి, నర్సు, పని అని విడివిడిగా మూడు మాటలు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి లోపలికి తీసుకెళ్లి గోడకి తగిలించిన ఒక చిన్న డబ్బా చూపించాడు. అందులో కొంచెం దూది, ఎండిపోయిన అయోడిన్ సీసా ఉన్నాయి. మా దగ్గరున్న ఆసుపత్రి ఇదేనని చేతులతో చెప్పి, తన అరచెయ్యి కూడా చూపించాడు. బస్తాల కొక్కెం గీసుకుని చీము పట్టి ఉంది. అంతవరకూ ఎటు పోవాలో తెలియక నిలబడ్డదాన్ని, ఆ చెయ్యి చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నీళ్లు కాయించి, శుభ్రంగా కడిగి, నా సంచిలో ఉన్న గాజుగుడ్డతో కట్టు కట్టాను. సూది వేయించుకోమని బొమ్మ గీసి చూపించాను. ఛత్తీస్‌గఢ్‌లో నా మొదటి రోగి ఆయనే. నా ఫోన్ అందుకుని మా ఆయన షెడ్‌లో పర్మిషన్ అడిగి మోటార్ సైకిల్ మీద వచ్చేసరికి, నేను బియ్యపు బస్తా మీద కూర్చుని టీ తాగుతున్నాను, నా ముందు చేతులకి దెబ్బలు తగిలిన మరో ఇద్దరు వరసలో నిలబడి ఉన్నారు.

ఆ తర్వాత నాలుగైదు చోట్ల ఇంటర్వ్యూ వరకూ వెళ్లగలిగాను. అక్కడ నాకు తెలిసిన సురక్షితమైన మాట "జీ". ఏం అడిగినా జీ, అంటే అవునండీ, అనేదాన్ని, చిరునవ్వుతో. ఒక చోట డాక్టరమ్మ నా చేతులు చూసి మెచ్చుకున్నట్టే మాట్లాడింది, చివరికి ఏదో అడిగింది, జీ అన్నాను, ఆవిడ నిట్టూర్చి ఫైలు మూసేసింది. ఆవిడ అన్న మాటలు అన్నట్టే ఇంటికొచ్చి మా ఆయనకి అప్పజెప్తే, ఆవిడ అడిగింది త్వరలో ఊరు వదిలి వెళ్లిపోయే ఆలోచన ఏమైనా ఉందా అని తేలింది. అలా వానాకాలం వచ్చింది, పోతోంది. ఆగస్టు చివర్లో రాయ్‌పూర్ కాగితం చేతికొచ్చింది (గెడేలా అన్న పేరుతోనే). ఈలోగా మా ఇంట్లో దసరా అన్న మాట ఎవరైనా ఎత్తితే మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోవడం గమనించాను. అది చూడటం కష్టంగా ఉండేది.

దసరాకి ఇంకా పది రోజులుందనగా, రాజ్‌కిశోర్ నగర్ దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో మనిషి కావాలని తెలిసింది. ఇరవై మంచాలు, ఒక పెద్ద డాక్టరు, ఆయన కింద నలుగురు నర్సులు. ఇన్‌చార్జి నర్సుది రతన్‌పూర్, రోజూ బస్సులో వచ్చి వెళ్లేది. అందరూ ఆవిడని బడీ దీదీ, అంటే పెద్దక్క, అనేవారు. నా కాగితాలన్నీ చూసి, కాగితాలతో తనకి పని లేదన్నట్టు పక్కన పెట్టి, మూడు రోజులు వార్డులో చేసి చూపించమంది. కొత్తగా వచ్చిన రోగిని ఎవరి సాయం లేకుండా నువ్వే అడిగి తెలుసుకుని, చూసి, చార్టు రాయగలిగితే చాలు, నిన్ను తీసుకుంటాం అని నెమ్మదిగా, నాకు అర్థమయ్యేవరకూ మూడుసార్లు చెప్పింది. మొదటి రోజు నా పంట పండింది. వాంతులతో ఒళ్లంతా ఎండిపోయిన రోగికి ఇద్దరు ప్రయత్నించినా దొరకని నరం నాకు ఒక్క సూదికే దొరికింది. బడీ దీదీ మధ్యాహ్నం తన డబ్బాలోంచి ఒక రొట్టె తీసి నా డబ్బాలో పెట్టింది. ఆ రోజు ఇంటికి ఆటోలో కాదు, గాలిలో వచ్చాను.

రెండో రోజు ఉదయం బెల్తరా అనే పల్లె నుంచి ఒక ముసలమ్మని తీసుకొచ్చారు. కూడా వచ్చిన కోడలు చీటీ రాయించడానికి కిందకి వెళ్లింది. బడీ దీదీ ఆపరేషన్ గదిలో ఉంది. మంచం మీద ముసలమ్మ, పక్కన నేను, చేతిలో చార్టు. హిందీలో వరసగా అడగాల్సిన ప్రశ్నలు మనసులో సర్దుకుని, ఏమిటి బాధ అని అడిగాను. ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "నోనీ, మూడ్ అబ్బడ్ పిరాథే. గోడ్ ఘలో పిరాథే. తీన్ దిన్ లే జర్ ధరే హే" అంది.

మూడు, గోడ. చెవిలో తేనె పోసినట్టయింది. బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్లకి కొదవ లేదు, ఈవిడ కూడా మన మనిషేనన్నమాట. ఆనందం పట్టలేక "అమ్మా, మీదే ఊరు?" అని తెలుగులో అడిగాను. "కా కహిథస్ నోనీ?" అంటూ ఆవిడ కళ్లు చికిలించింది. ఏమంటున్నావే పిల్లా అని అడిగినట్టు మాత్రం తెలిసింది. తెలుగావిడ కాదు. కానీ ఆ రెండు మాటలూ తెలుగే. నెలల తరబడి బండి పట్టాల దగ్గర, సంతలో, బస్సులో చెవిన పడే మాటల్లోంచి తెలుగులా వినిపించేవాటిని ఏరుకోవడం నాకొక పిచ్చి అయిపోయింది, ఇప్పుడది నా బుర్రని దాని ఇష్టం వచ్చినట్టు నడిపించింది. ఆ ఏడాది వానలు గట్టిగా పడ్డాయి, పల్లెల్లో మట్టి గోడలు కూలిపోతున్నాయని మా ఆయన చెప్పారు కూడా. మూడు గోడలు. మూడు రోజుల కిందట. ముసలమ్మ మీద పడ్డాయి. నిర్ధారణ చేసుకోవడానికి నాకొచ్చిన హిందీలో "దీవార్ గిరీ?" అని అడిగాను, గోడ కూలిందా అని.

ఆవిడ మొహం వికసించింది. "హవ్" అంది, అవునని. రెండు చేతులూ పైకెత్తి, గోడ ఎలా వంగిందో, ఎంత చప్పుడుతో పడిందో చూపిస్తూ చాలాసేపు చెప్పింది. అందులో నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ చేతులు చాలు. వెంటనే కదలొద్దని సైగ చేసి, మెడకి రెండు వైపులా తువ్వాళ్లు చుట్టి పెట్టాను. ముసలమ్మ నేను ఎలా పడుకోబెడితే అలా పడుకుని పైన తిరుగుతున్న ఫ్యానుని చూస్తూ ఉండిపోయింది. మూడు గోడలు మీద పడ్డ మనిషికి ఇంత ఓర్పు ఎక్కడిదా అని నాకు కళ్లు చెమర్చాయి. తెర లాగి, దెబ్బల కోసం తల నుంచి పాదాల దాకా వేలెడు చోటు కూడా వదలకుండా వెతికాను. ఒక్క గీత లేదు. అదే నాకు ఆశ్చర్యం. ఇన్ని గోడలు పడితే కనీసం కమిలి ఉండాలి కదా. చీర కుచ్చిళ్లు దోపుకునే చోట మాత్రం, నడుము దగ్గర, నిప్పురవ్వ పడి ఆరినట్టు పొక్కు కట్టిన చిన్న నల్లటి మచ్చ కనిపించింది, చుట్టూ ఎర్రగా. నొక్కితే నొప్పి లేదంది. అలాంటిది ఉందని ఆవిడకే తెలియదు. జర్ అన్నది మాత్రం నేను సరిగ్గానే పట్టుకున్నాను, మా ఊళ్లో జొరం అనేదే కదా అని. థర్మామీటరు పెడితే నూటమూడు. ఇవన్నీ చార్టులో ఇంగ్లీషులో రాశాను. మొదటి వాక్యం, రోగి మీద మూడు రోజుల కిందట మూడు గోడలు కూలినవి. చివరి వాక్యం, నడుము కుడివైపు నొప్పి లేని నల్లని మచ్చ.

పెద్ద డాక్టరు వచ్చారు. ఆయన పెద్దగా మాట్లాడరు. చార్టు ఒకసారి చదివారు, కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చదివారు. ముసలమ్మని ఏదో అడిగారు. ఆవిడ ఉత్సాహంగా మళ్లీ చేతులెత్తి గోడ కథ అందుకుంది. ఇంతలో కోడలు పైకి వచ్చింది. గోడ మాట విని ఆశ్చర్యపోయి, ఆ గోడ పడింది కిందటేడు వానల్లోననీ, వంటింటి వెనక గోడ ఒక్కటేననీ, అప్పుడు ఇంట్లో ఎవరూ లేరనీ, ఒక్క కోడి మాత్రం పోయిందనీ చెప్పింది. బడీ దీదీ ఆపరేషన్ గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి సంగతి విని, ముసలమ్మని మొదట ఏం చెప్పావని అడిగింది. ఆవిడ చెప్పింది. బడీ దీదీ మంచం కమ్మీ పట్టుకుని నవ్వింది. మూడ్ అంటే ఛత్తీస్‌గఢీలో తల. గోడ్ అంటే కాలు. తల బాగా నొప్పిగా ఉంది, కాళ్లు కూడా నొప్పి, మూడు రోజులుగా జ్వరం. ముసలమ్మ చెప్పింది ఇంతే. ఇరవై మంచాల వార్డూ నవ్వింది. తువ్వాళ్ల మధ్య తల కదపకుండా ముసలమ్మ కూడా నవ్వింది.

నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను. అయిపోయింది, ఇక బండెక్కడమే అనుకున్నాను. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. తెర మళ్లీ లాగించి, నేను రాసిన చోట ఆ నల్లటి మచ్చని దగ్గరగా చూశారు, బయటికొచ్చి ఇది ఎవరు చూశారని అడిగారు. నేనేనన్నాను. పొలాల గట్ల మీద గడ్డిలో కంటికి కనిపించని ఒక పురుగు ఉంటుందట, అది కుట్టిన చోట అలాంటి మచ్చ పడుతుందట, ఆ జ్వరాన్ని మామూలు జ్వరమనుకుని వదిలేస్తే ప్రాణం మీదకి వస్తుందట. మచ్చ తరచు బట్టల మరుగున ఉండిపోతుంది, ఎవరూ వెతకరు. గోడల కోసం వెతకబట్టి నాకు కనిపించింది. ఆయన చార్టు నా చేతికిచ్చి, "దీవార్ కాట్ దో, సిస్టర్. దాగ్ రహనే దో" అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు. గోడ కొట్టెయ్యి, మచ్చ ఉండనీ. అంతే. అది మెప్పో మందలింపో సాయంత్రం దాకా ఆలోచించినా తేలలేదు.

ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో కూలబడి అత్తగారికి అంతా చెప్పాను. ఆవిడ తోటకూర తరుగుతున్నారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "మూడ్ అంటే తలకాయి, గోడ్ అంటే కాలు. నన్నడిగితే సెప్పనేటి?" అన్నారు. ఆరు నెలలుగా ఒకే ఇంట్లో ఉన్నాం. నలభై ఏళ్లుగా కూరగాయల గంపలవాళ్లతో, కుళాయి దగ్గర ఆడవాళ్లతో ఆవిడ మాట్లాడేది ఛత్తీస్‌గఢీయే. నేను మాత్రం బూట్లు తొడుక్కునే మనిషి వెనకాల కాగితం పట్టుకుని తిరిగాను గాని, తెలుగు చదవడం రాని ఈవిడ దగ్గర నేను నేర్చుకోవలసిన భాష ఒకటి ఉంటుందని నాకు తోచలేదు. చదువుకున్నదాన్నన్న గర్వం మరి. ఆవిడ కత్తిపీట పక్కకి జరిపి పాఠం మొదలుపెట్టారు. నడుము మీద చెయ్యి వేసి కనిహా అన్నారు. మోకాలు తట్టి మాడీ అన్నారు. (మనకి మాడు నడినెత్తిన ఉంటుంది, వీళ్లకి మోకాలి దగ్గర. ఇది తెలియకుండా ఇంకో రోజు గడిచి ఉంటే ఏమేం రాసేదాన్నో.) పాఠం అయ్యాక, రేపు వెళ్లవా అని అడిగారు. ఏ మొహం పెట్టుకుని వెళ్లనన్నాను. "ఎల్లకపోతే ఆ ముసల్దానికి జొరం తగ్గిందో లేదో నీకెలా తెలుస్తాది?" అన్నారు ఆవిడ, తోటకూర మళ్లీ అందుకుంటూ.

వెళ్లాను. నిజంగానే అది తెలుసుకోవాలనే వెళ్లాను, ఉద్యోగం మీద ఆశతో కాదు. ముసలమ్మకి మందు పడ్డాక జ్వరం దిగడం మొదలైంది, దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే పక్క మంచం ఆవిడకి చూపించి, గోడ సంగతి అడిగిన పిల్ల ఇదేనని పరిచయం చేసింది. నేను కొత్తగా నేర్చిన మాటలన్నీ వరసగా అడిగాను, తల నొప్పిగా ఉందా, కాళ్లు నొప్పిగా ఉన్నాయా, నడుమో అని. ఆవిడ అన్నిటికీ జవాబు చెప్పి, తనే గుర్తుచేసుకుని గోడ కథ మూడోసారి చెప్పింది. ఈసారి నాకు కోడి దాకా అర్థమైంది. డ్యూటీ అయిపోయాక బడీ దీదీ గోడ మీద వచ్చే వారం డ్యూటీల కాగితం అంటించింది. మిగతా నర్సులు తమ పేర్లు చూసుకుంటుంటే, నాకు అక్కడేం పని అని సంచి తీసుకుని మెట్లు దిగబోయాను. బడీ దీదీ పైనుంచి కేకేసి, సోమవారం పొద్దుటి డ్యూటీ నీదే, చూసుకోకుండా వెళ్తున్నావేమిటని అడిగింది. వెనక్కి వచ్చి హిందీ అక్షరాలు కూడబలుక్కున్నాను. అయిదో వరసలో గెడేలా అని ఉంది.

ఆ సాయంత్రం మా ఆయన షెడ్ నుంచి వచ్చేసరికి గుమ్మంలోనే చెప్పేశాను. ఆయన మంచం మీద కూర్చుని, టిఫిన్ సంచి అడుగు నుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి నా చేతికిచ్చారు. విశాఖపట్నం వైపు బదిలీకి పెట్టుకునే ఫారం. పేరు, పోస్టు, షెడ్ అన్నీ నింపారు. కారణం అన్న చోట మాత్రం ఖాళీ. "అక్కడ ఏం రాయాలో సమఝ్ కాలేదు. రెండు నెలల నుంచి సోచిస్తున్నాను" అన్నారు. పుట్టి పెరిగిన ఊరూ, తల్లీ, క్వార్టరూ అన్నీ వదులుకుని నా వెనక రావడానికి ఈ మనిషి సిద్ధపడి, ఆ సంగతి నాతో చెప్పడానికి మాత్రం మొహమాటపడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. అత్తగారు లోపల్నించి ఏటైందని అడిగారు, ఉద్యోగం వచ్చిందని చెప్పాను. మరి ఏడుపెందుకని ఆవిడకి చాలాకాలం అర్థం కాలేదు.

దసరాకి రెండు రోజుల ముందు మేట్రన్‌గారికి ఫోన్ చేశాను. విషయం విని, "హిందీ వచ్చేసిందా మరి?" అని అడిగారు. రాలేదండీ అన్నాను, రోగులు మాట్లాడేది మాత్రం కొంచెం కొంచెం వస్తోందన్నాను. ఆవిడ, అయితే నీ చోటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తున్నాను అన్నారు. అంతవరకూ ఆ మాట కోసమే ఫోన్ చేసినదాన్ని, విన్నాక కాసేపు ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఇది జరిగి పన్నెండేళ్లయింది. అదే నర్సింగ్ హోమ్‌లో ఉన్నాను. నా హిందీ ఇప్పటికీ మగా ఆడా తేడా లేకుండా నడుస్తుంది, మా అమ్మాయి తన స్నేహితుల ముందు నన్ను మాట్లాడనివ్వదు. రోగులు మాత్రం నాతో బాగానే మాట్లాడతారు. వాళ్ల మాటల్లో తెలుగు వినిపించి నేను మోసపోవడం ఎప్పుడో మానేశాను. తల అంటే తల, కాలు అంటే కాలు, అడగడం, రాయడం, ముందుకెళ్లడం. పని చకచకా అయిపోతుంది. అప్పుడప్పుడు చార్టు రాస్తూ రాస్తూ చెయ్యి ఆగుతుంది. ఇస్త్రీ చీర కట్టుకుని ఫైలు పట్టుకుని, ప్రతి మాటా ఏమై ఉంటుందా అని చెవులు రిక్కించుకుని నిలబడ్డ ఆ అమ్మాయి కళ్ల ముందు కనిపిస్తుంది. ఆమె పక్కకి వెళ్లి అర్థాలన్నీ ముందే చెప్పేసి ఆ నవ్వులపాలు తప్పించాలని ఒకప్పుడు అనిపించేది. ఇప్పుడు అనిపించదు. ఏమీ తెలియకుండా ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని, ఏ గోడ కూలిందమ్మా అని కళ్లనిండా నీళ్లతో అడుగుతోంది. అడగనీ పాపం.